మీ మెషీన్‌లో రెండు ఎల్‌ఎల్‌వీఎంలు ఉన్నాయి

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంత వరకు కుదించి చెప్తాను. ఎక్కడైనా తప్పు పట్టుకుంటే దిద్దండి. ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఎల్‌ఎల్‌వీఎంలో, అంటే కంపైలర్లు కట్టడానికి వాడే లైబ్రరీలు, టూల్స్ ఉన్న ప్రాజెక్టులో, ఒక చిన్న పాస్ రాయాలి. పాస్ అంటే కంపైల్ అవుతున్న ప్రోగ్రాంని ఒకసారి చూసుకుంటూ పోయే కోడ్. మీది ఒక్కో ఫంక్షన్‌లో ఎన్ని లోడ్‌లు (మెమరీ నుంచి చదవడం), ఎన్ని స్టోర్‌లు (మెమరీలోకి రాయడం) ఉన్నాయో లెక్కపెట్టే పాస్. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, ఉబుంటు 22.04. మెయిన్ బ్రాంచ్ సోర్స్ దించుకుని, డీబగ్ మోడ్‌లో, మేక్ అనే బిల్డ్ టూల్‌కి ఎనిమిది జాబ్‌లు ఇచ్చి వదిలేస్తే రాత్రంతా నడిచి 97 శాతం దగ్గర లింకింగ్‌లో (కంపైల్ అయిన ముక్కల్ని కలిపి ప్రోగ్రాం చేసే దశలో) 'కిల్డ్' అని చచ్చిపోయింది. ఎవరో చెబితే రిలీజ్‌కి మార్చి, అసర్షన్లు (కోడ్ లోపలి తనిఖీలు) ఆన్ చేసి, రెండో రోజుకి ఎలాగో పూర్తి చేశారు. ఆ తర్వాత మీ పాస్‌ని, పాస్‌లని నడిపే ఆప్ట్ అనే టూల్‌లో లోడ్ చేస్తే 'అన్‌డిఫైన్డ్ సింబల్' అంటూ ఫంక్షన్‌పాస్ టైప్‌ఇన్ఫో దొరకలేదంది. నో ఆర్‌టీటీఐ ఫ్లాగ్ పెడితే అది పోయి 'డిజేబుల్ ఏబీఐ బ్రేకింగ్ చెక్స్' అనే సింబల్ లేదంది. ఆ తనిఖీనే ఆపేసే మాక్రో ఒకటి ఎక్కడో దొరికితే అదీ పెట్టేశారు. ఇప్పుడు సెగ్‌ఫాల్ట్, అంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం కూలిపోవడం. 'నాలుగు ఎర్రర్లు, నాలుగు సమస్యలు, సోమవారం రివ్యూ, ఫుల్ టెన్షన్' అని ముగించారు.

నాలుగు కాదు, రెండే. మొదటిది ర్యామ్. మిగతా మూడూ ఒకే రోగానికి మూడు లక్షణాలు. లక్షణాన్ని ఒక్కొక్కటిగా అణిచేస్తూ పోయారు కాబట్టి రోగం ముదిరి సెగ్‌ఫాల్ట్ దాకా వచ్చింది.

ఒక మాట ముందే. ఆప్షన్ల పేర్లన్నీ తెలుగులోనే రాస్తున్నాను. బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ టూల్ ఆప్షన్లు టైప్ చేసేటప్పుడు అన్నీ పెద్దక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో, ముందు హైఫన్ డి పెట్టి ఇవ్వండి.

ర్యామ్ సంగతి ముందు తేల్చేద్దాం, ఇది తేలిక. 'కిల్డ్' అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతే అది కంపైలర్ ఎర్రర్ కాదు. మెమరీ అయిపోయినప్పుడు లైనక్స్ కెర్నెల్ ఒక ప్రాసెస్‌ని ఎంచుకుని సిగ్నల్ 9 ఇచ్చి చంపేస్తుంది. డీమెసేజ్ కమాండ్ కొట్టి చివర్లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న లైన్ ఉందేమో చూడండి, ఉండి తీరుతుంది. కంటైనర్‌లోనో, కోడ్‌ని తనంతట తానే కట్టి పరీక్షించే సీఐ సర్వర్‌లోనో ఇదే జరిగితే 137 అనే ఎగ్జిట్ కోడ్ కనిపిస్తుంది. 128కి 9 కలిపితే వచ్చేదే అది.

సరిగ్గా 97 శాతం దగ్గరే ఎందుకు? ఎల్‌ఎల్‌వీఎం బిల్డ్‌లో ఆప్ట్, ఎల్‌ఎల్‌సీ, సీ కంపైలర్ అయిన క్లాంగ్ లాంటి టూల్స్ డజన్ల కొద్దీ ఉంటాయి. మామూలు సెట్టింగ్‌లో ప్రతి టూల్‌లోకీ తనకు కావలసిన లైబ్రరీలన్నీ స్టాటిక్‌గా కలుస్తాయి. లైబ్రరీలు తయారయ్యాక ఈ లింక్‌లన్నీ చివర్లో ఒక్కసారిగా క్యూ కడతాయి. డీబగ్ బిల్డ్ అయితే ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్‌లోనూ డీబగ్ సమాచారం మూటలు మూటలుగా ఉంటుంది, ఒక్కో లింక్‌కే కొన్ని జీబీలు కావాలి. మీరు ఎనిమిది జాబ్‌లు ఇచ్చారు కాబట్టి మేక్ ఒకేసారి ఎనిమిది లింకర్లను లేపింది. 8 జీబీలో అవి ఎలా పడతాయి? కంపైల్ జరిగిన రాత్రంతా అంతా బాగున్నట్టే అనిపించి, తెల్లారేసరికి ఒడ్డు దగ్గర మునిగారు. అందరూ అక్కడే మునుగుతారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు బిల్డ్ డైరెక్టరీ మొత్తం తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టడం. అది చేయకండి. కిల్డ్ అయ్యాక అదే డైరెక్టరీలో ఒక్క జాబ్‌తో మళ్ళీ నడిపితే ఆగిన చోటి నుంచే సాగుతుంది. రాత్రంతా కంపైల్ అయిన ఫైళ్ళు ఎక్కడికీ పోవు. కంపైలర్‌ని మార్చినప్పుడు మాత్రం సీమేక్ క్యాష్ పాత సంగతులే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అప్పుడు కొత్త డైరెక్టరీ పెట్టుకోవాలి.

మళ్ళీ బిల్డ్ చేయాల్సి వస్తే మేక్ బదులు నింజా వాడండి. ఇష్టాయిష్టాల మాట కాదిది. ఎల్‌ఎల్‌వీఎం పారలల్ లింక్ జాబ్స్ అనే ఆప్షన్ ఒకటుంది, దానికి 1 ఇస్తే కంపైల్ ఎన్ని జాబ్‌లతో నడుస్తున్నా లింకింగ్ మాత్రం ఒక్కొక్కటిగా జరుగుతుంది. ఇది నింజాతోనే పనిచేస్తుంది, మేక్ దాన్ని పట్టించుకోదు. నింజా తనంతట తాను కోర్‌ల సంఖ్యకు రెండు కలిపి అన్ని జాబ్‌లు లేపుతుంది. మీ ర్యామ్‌కి అది ఎక్కువ, పారలల్ కంపైల్ జాబ్స్‌కి 4 ఇవ్వండి. ఉబుంటు మామూలుగా వాడే జీఎన్‌యూ లింకర్ నిదానం, ఆకలి కూడా ఎక్కువే. ఉబుంటు ప్యాకేజీలు దించే ఏపీటీతో ఎల్‌ఎల్‌డీ అనే లింకర్ వేసుకుని ఎల్‌ఎల్‌వీఎం యూజ్ లింకర్ ఆప్షన్‌కి ఎల్‌ఎల్‌డీ అని చెప్పండి. తేడా మీకే తెలుస్తుంది. ఒక 8 జీబీ స్వాప్ ఫైల్ పెట్టుకోండి, నెమ్మదిస్తుంది గానీ చావదు. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, అది మామూలుగా మీ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది. అంటే 8 జీబీ ల్యాప్‌టాప్‌లో మీ చేతిలో ఉన్నది 4 జీబీ.

అన్నిటికన్నా పెద్ద ఆదా మాత్రం అవసరం లేనిది కట్టకపోవడం. మీరు టార్గెట్లు చెప్పలేదు, కాబట్టి ఆర్మ్, మిప్స్, పవర్‌పీసీ, రిస్క్ ఫైవ్ అంటూ ఉన్న బ్యాకెండ్లన్నీ బిల్డ్ అయ్యాయి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు. ఎల్‌ఎల్‌వీఎం టార్గెట్స్ టు బిల్డ్ ఆప్షన్‌కి హోస్ట్ అని ఇస్తే మీ ప్రాసెసర్‌కి కావలసింది మాత్రమే కడుతుంది. ప్రాజెక్టుల్లో క్లాంగ్ కూడా పెట్టారు. మీ పాస్ నడవడానికి కావలసింది ఆప్ట్ ఒక్కటే, ఆప్ట్ ఎల్‌ఎల్‌వీఎంలోనే ఉంటుంది, క్లాంగ్‌లో కాదు. సీ ఫైల్‌ని బిట్‌కోడ్‌గా (ఆప్ట్ చదివే రూపంలోకి) మార్చడానికి ఉబుంటు ఇచ్చే క్లాంగ్ 14 సరిపోతుంది. కొత్త ఎల్‌ఎల్‌వీఎం పాత బిట్‌కోడ్‌ని చదవగలదు, 3.0 నుంచి వచ్చిన బిట్‌కోడ్ అంతా చదవడం వాళ్ళు పాటించే నియమం. పాతది కొత్తదాన్ని చదువుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి నింజాకి ఆప్ట్ అని ఒక్క టార్గెట్ పేరు ఇవ్వండి చాలు. ఒకవేళ ఎప్పుడైనా క్లాంగ్, ఎల్‌ఎల్‌డీ రెండూ కావాలంటే వాటి మధ్య సెమికోలన్ పెట్టాలి, ఆ మొత్తాన్నీ కోట్స్‌లో పెట్టాలి. కోట్స్ మర్చిపోతే షెల్ సెమికోలన్ దగ్గర కమాండ్‌ని రెండు ముక్కలు చేసి, ఎల్‌ఎల్‌డీని ఇంకో కమాండ్ అనుకుంటుంది. నేను ఇది ఒకసారి కాదు, నాలుగైదు సార్లు చేశాను.

ఇక అసలు రోగం.

మీ పోస్ట్‌లో రెండు లైన్లు నాకు సంగతి పట్టించాయి. పాస్‌ని కంపైల్ చేసేటప్పుడు ఫ్లాగ్‌ల కోసం ఎల్‌ఎల్‌వీఎం కాన్ఫిగ్ కమాండ్‌ని ముందు పాత్ ఏమీ లేకుండా పిలిచారు. నడిపేటప్పుడు మాత్రం మీ బిల్డ్ డైరెక్టరీలోని ఆప్ట్‌ని పూర్తి పాత్‌తో పిలిచారు. పాత్ లేకుండా పిలిస్తే వచ్చేది ఏది? ఉబుంటు 22.04లో ఏపీటీ నుంచి వచ్చే ఎల్‌ఎల్‌వీఎం 14. అంటే మీ పాస్ 14వ వెర్షన్ హెడర్లు చూసి తయారైంది, మీరు రెండు రోజులు కూర్చుని కట్టిన సరికొత్త ఆప్ట్‌లోకి వెళ్ళి కూర్చుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

నమ్మకం కుదరకపోతే పరీక్షించుకోండి. టైప్ హైఫన్ ఏ అని కొట్టి ఎల్‌ఎల్‌వీఎం కాన్ఫిగ్ పేరు ఇస్తే మీ పాత్‌లో ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది. తర్వాత అది ఒకసారి, మీ బిల్డ్‌లోది ఒకసారి పిలిచి నాలుగు ప్రశ్నలు అడగండి: వెర్షన్, బిల్డ్ మోడ్, అసర్షన్ మోడ్, హ్యాజ్ ఆర్‌టీటీఐ. మీ బిల్డ్‌లో అది తయారై లేకపోతే ఆ పేరు మేక్‌కి ఇస్తే నిమిషాల్లో వస్తుంది. నాలుగు జవాబుల్లో కనీసం మూడు వేరుగా వస్తాయని పందెం కాస్తాను. ఆ మూడు తేడాలే మీ మూడు ఎర్రర్లు.

ఆర్‌టీటీఐ సంగతి చూడండి. ఎల్‌ఎల్‌వీఎం సీ ప్లస్ ప్లస్ ఇచ్చే రన్‌టైమ్ టైప్ సమాచారాన్ని (ఆర్‌టీటీఐ అంటే అదే) వాడదు. ఈజా, డైన్‌కాస్ట్ అని తన సొంత పద్ధతి పెట్టుకుంది. అందుకే సోర్స్ నుంచి మామూలుగా కడితే ఆర్‌టీటీఐ ఆఫ్‌లో ఉంటుంది, ఏ క్లాస్‌కీ టైప్‌ఇన్ఫో తయారవదు. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు మాత్రం దాన్ని ఆన్ చేసి కడతాయి, వాటి మీద ఆధారపడే మిగతా సాఫ్ట్‌వేర్‌కి అది కావాలి కాబట్టి. ఉబుంటు ఇచ్చిన ఫ్లాగ్‌లతో మీ పాస్ కంపైల్ అయినప్పుడు, మీ క్లాస్ ఫంక్షన్‌పాస్ నుంచి వచ్చింది కాబట్టి, దాని టైప్‌ఇన్ఫో ఎక్కడో ఉంటుందని నమ్మి ఒక సింబల్ పేరు రాసుకుంది. మీ ఆప్ట్‌లో అలాంటిది అసలు లేదు. లోడర్ వెతికి, లేదని చెప్పింది. ఇలాంటి సింబల్ పేర్లు గజిబిజిగా కనిపిస్తే సీ ప్లస్ ప్లస్ ఫిల్ట్ అనే టూల్‌లో వేయండి, మామూలు పేరు చూపిస్తుంది. జెడ్ టీ ఐతో మొదలైతే టైప్‌ఇన్ఫో, జెడ్ టీ వీ అయితే వీటేబుల్. ఈ రెండు గుర్తుంటే లింకర్ ఎర్రర్లలో సగం భయం పోతుంది.

మీరు నో ఆర్‌టీటీఐ ఫ్లాగ్ పెట్టారు. ఫ్లాగ్ తప్పు కాదు, మీ ఆప్ట్‌కి అదే సరైన ఫ్లాగ్. కానీ దాన్ని ఎందుకు చేత్తో పెట్టాల్సి వచ్చిందని మీరు అడగలేదు. సరైన ఎల్‌ఎల్‌వీఎం కాన్ఫిగ్‌ని అడిగి ఉంటే తనే ఇచ్చేది.

రెండో ఎర్రర్ నాకు ఇష్టమైనది. డిజేబుల్ ఏబీఐ బ్రేకింగ్ చెక్స్ అనే ఆ సింబల్ ఏ పనీ చేయదు. అది ఒక ఇంటీజర్ వేరియబుల్, అంతే. ఎల్‌ఎల్‌వీఎం వాళ్ళు మీలాంటివాళ్ళ కోసమే కావాలని పెట్టిన ఉచ్చు అది. అసర్షన్లు ఆన్ చేసి కడితే లైబ్రరీలో 'ఎనేబుల్' పేరుతో ఒక వేరియబుల్ ఉంటుంది, ఆఫ్‌లో కడితే 'డిజేబుల్' పేరుతో ఉంటుంది. హెడర్‌లో కూడా అదే లెక్క, హెడర్ ఏ బిల్డ్‌దైతే ఆ పేరున్న వేరియబుల్‌ని వెతుకుతుంది. ఉబుంటు హెడర్లు అసర్షన్లు లేని బిల్డ్‌వి, 'డిజేబుల్'ని వెతికాయి. మీ ఆప్ట్ అసర్షన్లు ఉన్నది, దాని దగ్గర 'ఎనేబుల్' ఉంది. రెండూ వేరే బిల్డ్‌లని లోడ్ అయ్యే క్షణంలోనే తేలిపోయింది.

ఇంత తతంగం ఎందుకంటే, ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని క్లాస్‌ల సైజే మారిపోతుంది. ఉదాహరణకి డెన్స్‌మ్యాప్ తీసుకోండి. ఇటరేటర్ చేతిలో ఉండగా మ్యాప్ మారిందా అని పట్టుకోవడానికి, తనిఖీలు ఉన్న బిల్డ్‌లో దాని లోపల ఒక కౌంటర్ అదనంగా ఉంటుంది. లేని బిల్డ్‌లో ఆ కౌంటర్ ఉండదు. ఒక వడ్రంగి గుమ్మం కొలిచి, ఇంకో వడ్రంగి వేరే కొలతతో తలుపు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మీ పాస్ ఫలానా చోట పాయింటర్ ఉందనుకుని చదువుతుంది, ఆప్ట్ అక్కడ కౌంటర్ పెట్టింది. కంపైలర్‌కి ఇది కనపడదు, లింకర్‌కీ కనపడదు. నడిచేటప్పుడు ఎక్కడో పేలుతుంది. పేలకపోతే ఇంకా ప్రమాదం, తప్పు లెక్కలు చూపిస్తుంది, మీరు వాటిని థీసిస్‌లో టేబుల్‌గా పెడతారు.

ఆ ఉచ్చుని ఆపేయడానికి ఒక మాక్రో ఉంది, నిజమే. ఏం చేస్తున్నారో పూర్తిగా తెలిసినవాళ్ళ కోసం పెట్టిన దారి అది. దొంగను చూసి మొరిగిందని కుక్క నోరు కట్టేసి, తలుపు బార్లా తెరిచి పడుకున్నట్టయింది మీ పని. మీకు ఆ సలహా ఇచ్చినవాళ్ళ మీద నాకు కోపంగానే ఉంది. ముందు ఆ మాక్రో తీసేయండి. తర్వాత వచ్చిన సెగ్‌ఫాల్ట్ గురించి ఒక్క నిమిషం కూడా డీబగ్గర్‌లో కూర్చోకండి. అది మీ కోడ్‌లో బగ్ కాదు, వెతికితే దొరికేదీ కాదు.

ఇది చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, కెరీర్ మొదట్లో ఒక టూల్‌చెయిన్ టీమ్‌లో చేరిన రెండో నెలలో సరిగ్గా ఇదే తప్పు చేశాను. నా సీటు ముందు మెషీన్‌లో మూడు బిల్డ్‌లు ఉండేవి. హెడర్లు ఒకదానివి, లైబ్రరీ ఇంకోదానిది. మూడు రోజులు స్టాక్ ట్రేస్‌లు చదివాను. ప్రతి రన్‌కీ ఒక కొత్త చోట పడిపోయేది, ప్రతిసారీ ఒక కొత్త సిద్ధాంతం చేసేవాణ్ణి. నాలుగో రోజు పక్క సీటు అన్న వచ్చి, స్క్రీన్ కూడా సరిగ్గా చూడకుండా, 'ఏ బిల్డ్ హెడర్లురా అవి?' అన్నాడు. అప్పటి నుంచి నాకు వింత క్రాష్ ఏది వచ్చినా మొదటి ప్రశ్న అదే.

మరి మీరు ఏం చేయాలి? సోమవారం రివ్యూ ఉంది కాబట్టి ముక్కుసూటిగా చెప్తాను: మీరు కట్టిన ఎల్‌ఎల్‌వీఎంని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. లోడ్‌లు, స్టోర్‌లు లెక్కపెట్టే పాస్‌కి సోర్స్ బిల్డ్ అక్కర్లేదు. ఎల్‌ఎల్‌వీఎం లోపలి కోడ్‌ని మార్చేవాళ్ళకి అది కావాలి, బయటి నుంచి ప్లగిన్ రాసేవాళ్ళకి ప్యాకేజీ చాలు. ఉబుంటుది 14, మరీ పాతదనిపిస్తే ఎల్‌ఎల్‌వీఎం వాళ్ళే నడిపే ఏపీటీ రిపాజిటరీలో కొత్త వెర్షన్లు దొరుకుతాయి. డెవలప్‌మెంట్ ప్యాకేజీ, ఆప్ట్, క్లాంగ్ మూడూ ఒకే వెర్షన్ నంబరువి వేసుకుని, కమాండ్‌ల పేర్లు కూడా ఆ నంబరుతోనే పిలవండి. రేపు మధ్యాహ్నానికి మీ పాస్ నడుస్తుంది.

ప్యాకేజీలో ఒక లోటు ఉంది, దాచను. అందులో అసర్షన్లు ఉండవు. మీ పాస్ ఐఆర్‌ని (ప్రోగ్రాంకి ఎల్‌ఎల్‌వీఎం ఇచ్చే మధ్య రూపాన్ని) చదవడమే కాకుండా మార్చడం మొదలుపెట్టాక, తప్పు టైప్‌తో ఇన్‌స్ట్రక్షన్ తయారుచేస్తే అసర్షన్లు ఉన్న బిల్డ్ అక్కడికక్కడే పట్టుకుని ఏ లైన్లో తప్పో చెప్తుంది. లేని బిల్డ్ ఊరుకుంటుంది. కాబట్టి రివ్యూ అయ్యాక తీరిగ్గా పైన చెప్పిన సెట్టింగులతో, మెయిన్ కాకుండా ఏదో ఒక రిలీజ్ బ్రాంచ్ మీద, రిలీజ్ మోడ్, అసర్షన్లు ఆన్, హోస్ట్ టార్గెట్ ఒక్కటే, ఆప్ట్ ఒక్కటే కట్టుకోండి. మెయిన్ రోజంతా మారుతూ ఉంటుంది. ఎవరో పెట్టిన కమిట్ వల్ల బిల్డ్‌బాట్‌లు (కొత్త కోడ్‌ని కట్టి చూసే సర్వర్లు) ఎర్రబడటం, వెంటనే దాన్ని రివర్ట్ చేయడం అక్కడ రోజువారీ సంగతి. మీరు దించుకున్న గంటలోనే అది విరిగి ఉండొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ తలనొప్పి దేనికి?

ప్లగిన్‌ని ఇకమీద చేతి కమాండ్‌లతో కాకుండా సీమేక్‌తో కట్టండి. ఫైండ్ ప్యాకేజ్‌లో ఎల్‌ఎల్‌వీఎం పేరు, రిక్వైర్డ్, కాన్ఫిగ్ అని రాసి, బయటి నుంచి ఎల్‌ఎల్‌వీఎం డిర్ అనే వేరియబుల్‌కి మీరు వాడదలచిన బిల్డ్‌లోని లిబ్, సీమేక్, ఎల్‌ఎల్‌వీఎం డైరెక్టరీ పాత్ ఇవ్వండి. ఆ పాత్‌నీ, ప్యాకేజ్ వెర్షన్‌నీ మెసేజ్‌గా ప్రింట్ చేయించండి. ఈ రెండు లైన్లు నా ప్రతి ప్రాజెక్టులో ఉంటాయి. ఎల్‌ఎల్‌వీఎం ఎనేబుల్ ఆర్‌టీటీఐ అనే వేరియబుల్ కూడా దానితోనే వస్తుంది, అది ఆఫ్‌లో ఉంటేనే నో ఆర్‌టీటీఐ ఫ్లాగ్ పెట్టమని రాయండి. ప్లగిన్‌లోకి ఎల్‌ఎల్‌వీఎం లైబ్రరీలు లింక్ చేయకండి. కావలసిన సింబల్స్ ఆప్ట్‌లో ఉన్నాయి, లోడ్ అయినప్పుడు అక్కడి నుంచే దొరుకుతాయి. భయపడి ఇంకో కాపీ కలిపితే ఒకే కమాండ్‌లైన్ ఆప్షన్ రెండుసార్లు రిజిస్టర్ అయిందంటూ, మీ మొదటి లైన్ కూడా నడవకముందే ఆప్ట్ ఆగిపోతుంది. అదీ రెండు కత్తుల కథే.

ఇంకో చిక్కు: మీరు చూసి రాసిన ట్యుటోరియల్ పాతది. ఫంక్షన్‌పాస్ నుంచి క్లాస్ తీసుకుని, రిజిస్టర్‌పాస్ పెట్టి, ఆప్ట్‌కి లోడ్ ఫ్లాగ్, పక్కన పాస్ పేరు ఇచ్చే పద్ధతి లెగసీ పాస్ మేనేజర్ (పాస్‌లని వరసగా నడిపే పాత ఏర్పాటు) కాలంది. 2021లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి కొత్త పాస్ మేనేజరే డిఫాల్ట్. ఇప్పటి ఆప్ట్‌కి పాత పద్ధతిలో పేరు ఇస్తే, ఆ సింటాక్స్ చెల్లదు, పాసెస్ ఆప్షన్ వాడమని ముఖం మీదే చెప్తుంది. మీరు పాస్‌ఇన్ఫోమిక్సిన్ నుంచి క్లాస్ తీసుకుని, రన్ అనే ఫంక్షన్ రాసి, ప్లగిన్ సమాచారం తిరిగిచ్చే ఒక ఎక్స్‌టర్న్ సీ ఫంక్షన్ పెట్టాలి. లోడ్ పాస్ ప్లగిన్ ఆప్షన్‌తో ఫైల్, పాసెస్ ఆప్షన్‌తో పేరు ఇవ్వాలి. లెక్కపెట్టే లాజిక్ అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న ఇరవై లైన్లే మారతాయి.

పాత ఇల్లు ఎప్పుడు కట్టారో పెంకు చూసి చెప్పినట్టు, ఎల్‌ఎల్‌వీఎం ట్యుటోరియల్ వయసు కూడా చెప్పొచ్చు. కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడపమంటే అది 2016 కంటే ముందుది, 3.9తో ఆ పద్ధతిని తీసేసి సీమేక్ ఒక్కటే ఉంచారు. సోర్స్‌ని ఎస్‌వీఎన్‌తో దించి, క్లాంగ్‌ని టూల్స్ డైరెక్టరీలో విడిగా పెట్టమంటే 2019 అక్టోబరు కంటే ముందుది, అప్పుడే అంతా గిట్‌హబ్‌లో ఒకే రిపాజిటరీ అయింది. పాయింటర్ దేన్ని చూపిస్తుందో ఆ టైప్‌ని పాయింటర్‌నే అడిగి తెలుసుకునే కోడ్ కనిపిస్తే 2022కి ముందుది. 15వ వెర్షన్‌లో టైప్ లేని పాయింటర్లు డిఫాల్ట్ అయ్యాయి, 17లో పాతవి పూర్తిగా పోయాయి. లిబ్‌సీఎక్స్ఎక్స్‌ని ప్రాజెక్టుల జాబితాలో పెట్టమంటే అదీ పాతదే, ఇప్పుడు దానికి రన్‌టైమ్స్ అనే వేరే జాబితా ఉంది. ఇదంతా ఎవరి అశ్రద్ధా కాదు. సీ ప్లస్ ప్లస్ ఏపీఐ స్థిరంగా ఉంచుతామని వాళ్ళు ఎప్పుడూ మాట ఇవ్వలేదు. సీ ఏపీఐ విషయంలోనే కాస్త జాగ్రత్త తీసుకుంటారు. 2000లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో రీసెర్చ్ ప్రాజెక్టుగా మొదలైన కోడ్ ఇన్నేళ్ళూ చలాకీగా ఉందంటే పాత గోడల్ని కూల్చడానికి మొహమాటపడకపోవడం ఒక కారణమని నా అభిప్రాయం. ఆ దుమ్ము మాత్రం మనలాంటి బయటివాళ్ళ మీద పడుతుంది.

బయటి నుంచి ఎల్‌ఎల్‌వీఎం మీద కట్టిన ప్రాజెక్టు ఎలా ఉంటుందో చూడాలంటే మన దగ్గరే ఒకటుంది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ కంపైలర్ బృందం చేసిన ఐఆర్‌టూవెక్. ప్రోగ్రాం ఐఆర్‌ని మెషీన్ లెర్నింగ్‌కి పనికొచ్చే వెక్టర్లుగా మార్చే పని అది. దాని సోర్స్ తెరిచి, మీ ప్రాజెక్టు పూర్తయ్యేలోపు సీమేక్ ఫైళ్ళు ఒకసారి చదవండి. లాజిక్ అర్థం కాకపోయినా పర్లేదు.

సోర్స్ బిల్డ్‌కి మళ్ళీ వెళ్ళినప్పుడు లాగ్ చదివే పద్ధతి కూడా మార్చుకోండి. మీరు స్క్రీన్‌షాట్‌లో పెట్టింది చివరి లైన్ ఒక్కటే, నింజాలో అక్కడ 'సబ్‌కమాండ్ ఫెయిల్డ్' అని ఉంటుంది. అది ఏమీ చెప్పదు. నాలుగు జాబ్‌లు ఒకేసారి నడుస్తున్నప్పుడు ఒకటి పడిపోయినా మిగతా మూడూ తమ పని ముగించి ఆగుతాయి, వాటి వార్నింగులన్నీ అసలు ఎర్రర్ కింద చేరతాయి. లాగ్‌ని ఫైల్‌లోకి పంపి, పై నుంచి మొదటి 'ఫెయిల్డ్' అన్న మాట వెతకండి. లేదా ఒక్క జాబ్‌తో మళ్ళీ నడపండి, అప్పుడు చివరిదే అసలుది అవుతుంది.

ఒక్క జాబ్‌తో నడిపితే ఎర్రరే మాయమైపోయిందనుకోండి, అది ఇంకో జబ్బు, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఎల్‌ఎల్‌వీఎంలో చాలా కోడ్‌ని మనుషులు రాయరు. టీడీ ఫైళ్ళ నుంచి టేబుల్‌జెన్ అనే టూల్ ఐఎన్‌సీ ఫైళ్ళని తయారుచేస్తుంది, మిగతా కోడ్ వాటిని ఇన్‌క్లూడ్ చేసుకుంటుంది. ఫలానా లైబ్రరీ కంటే ముందు ఫలానా ఐఎన్‌సీ తయారవ్వాలని సీమేక్‌కి చెప్పకపోతే, నిదానమైన మెషీన్‌లో అదృష్టం కొద్దీ సరైన వరసలో జరిగిపోతుంది. మేము ఒకసారి ఒక కొత్త లైబ్రరీ చేర్చాం. అందరి డెస్క్‌టాప్‌లలోనూ సాఫీగా కట్టింది, 64 కోర్ల సర్వర్‌లో మాత్రం మూడుసార్లలో ఒకసారి ఆట్రిబ్యూట్స్ ఐఎన్‌సీ దొరకలేదని పడిపోయేది. 'సర్వర్‌లో ఏదో ఉంది' అని వారం రోజులు దాన్నే తిట్టుకున్నాం. చివరికి చూస్తే ఆ లైబ్రరీ సీమేక్ ఫైల్‌లో డిపెండ్స్ అన్న చోట ఇంట్రిన్సిక్స్ జెన్ అన్న ఒక్క మాట రాయడం మర్చిపోయాం. సోర్స్ ట్రీ లోపల మీ సొంత లైబ్రరీ పెట్టే రోజు వస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

చివరగా, ఇవన్నీ సరిచేశాక మీకు రాబోయే ఐదో సమస్య కూడా ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే ఆదివారం రాత్రి మళ్ళీ పోస్ట్ పెడతారు. పాస్ ఎర్రర్ లేకుండా లోడ్ అవుతుంది, ఆప్ట్ బుద్ధిగా నడుస్తుంది, కానీ ఏమీ ప్రింట్ అవ్వదు. కారణం: క్లాంగ్‌కి హైఫన్ ఓ సున్నా (ఆప్టిమైజేషన్ వద్దని చెప్పే ఫ్లాగ్) ఇస్తే ప్రతి ఫంక్షన్‌కీ ఆప్ట్‌నన్ అనే గుర్తు తగిలిస్తుంది, అంటే దీని జోలికి ఏ పాస్‌నీ రానివ్వొద్దని. పాస్ మేనేజర్ ఆ మాట విని మీ పాస్‌ని దాటేస్తుంది. మీ పాస్ క్లాస్‌లో ఈజ్ రిక్వైర్డ్ అనే స్టాటిక్ ఫంక్షన్ పెట్టి ట్రూ తిరిగివ్వండి. లేదా క్లాంగ్‌ని పిలిచేటప్పుడు ఎక్స్‌క్లాంగ్ ద్వారా డిజేబుల్ ఓ సున్నా ఆప్ట్‌నన్ అన్న ఆప్షన్ ఇవ్వండి. లెక్కపెట్టే పాస్‌కి మొదటిది మేలు. హైఫన్ ఓ రెండు (ఆప్టిమైజేషన్ చేయమనే ఫ్లాగ్) ఇచ్చి చూద్దామనుకోకండి, అప్పుడు ఆప్టిమైజర్ ముందే చాలా లోడ్‌లు, స్టోర్‌లు తీసేసి ఉంటుంది, మీ లెక్క సోర్స్‌తో సరిపోదు, గైడ్ గారు అదే అడుగుతారు.

ముందు ఆ టైప్ హైఫన్ ఏ కమాండ్ ఏం చూపించిందో, రెండు ఎల్‌ఎల్‌వీఎం కాన్ఫిగ్‌లూ ఆ నాలుగు ప్రశ్నలకి ఏం చెప్పాయో ఇక్కడ పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్‌గా. రాత్రి పది తర్వాత చూస్తాను.